సరుగుడు చెట్ల కింద గడ్డి ఎందుకు మొలవదు?

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో సరుగుడు తోటల కింద నేల ఎందుకంత బోసిగా ఉంటుందని అడిగారు. ఈసారి ఆగి, ఆ నేల మీద చెయ్యి పెట్టి చూడండి. సూదుల్లాంటి ఎండు రెమ్మలు చాపలా పరుచుకుని ఉంటాయి. మొలకకు వెలుతురు అందనివ్వని దుప్పటి అది. దానికి తోడు వాన పడ్డప్పుడు ఆ రెమ్మల్లోంచి ఫినాలిక్ రసాయనాలు నేలలోకి దిగుతాయి. అవి విత్తనం మొలకెత్తకుండా, లేత వేరు సాగకుండా అడ్డుపడతాయి.

ఒక మొక్క ఇలా రసాయనాలతో పక్క మొక్కల్ని అడ్డుకోవడాన్ని అల్లెలోపతి అంటారు. ఈ పేరు 1937లో వృక్షశాస్త్రవేత్త హాన్స్ మోలిష్ పెట్టారు. అందరూ చెప్పే ఉదాహరణ అమెరికా నల్ల వాల్‌నట్. దాని వేర్లలో, ఆకుల్లో ఉండే పదార్థం గాలి తగిలితే జుగ్లోన్ అనే విషంగా మారుతుంది, దగ్గర్లోని టమాటా మొక్క వాడిపోతుంది. నాకు మాత్రం మన జొన్నే ఎక్కువ ఆశ్చర్యం. దాని వేరు నూగు నుంచి సోర్గోలియోన్ అనే జిడ్డు చుక్కలు చుక్కలుగా ఊరుతుంది. అది లేత కలుపు మొక్కల్లో కిరణజన్య సంయోగక్రియనే దెబ్బతీస్తుంది. ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామలో కూడా ఇలా పక్క మొక్కల్ని అడ్డుకునే పార్థెనిన్ అనే రసాయనం ఉంటుంది.

అయితే తప్పంతా రసాయనాలదే అనుకోకండి. నీడ, నీటి కోసం పోటీ కూడా కారణాలే, తోటలో వీటిని విడదీసి చెప్పడం కష్టం.

మిద్దెతోట ఉంటే సరుగుడు, నీలగిరి ఆకులు పచ్చిగా కుండీల్లో వేయకండి. బాగా మాగి కంపోస్ట్ అయ్యాక వాడుకోవచ్చు.