ట్రాన్స్ క్లబ్బు పెట్టాలంటే ముందు తలుపులు చూడు తమ్ముడూ

సౌండు సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ట్రాన్స్ మ్యూజిక్ గురించే ఉండాయి, అంటే మాటలు తక్కువగా, ఒకే దెబ్బ మీద సాగే డీజే డ్యాన్స్ సంగీతం, నాకు భలే సంతోషమైంది. కొత్తగా చదివే వాళ్ళకి ఒక మాట, నేను బెంగళూరు క్లబ్బుల్లో 9 ఏళ్ళు సౌండ్ పని చేసి వచ్చి ఇప్పుడు అనంతపురంలో నెలకొక శనివారం ఒక ఫంక్షన్ హాల్లో ట్రాన్స్ నైట్ నడుపుతాండా, అందుకే ఈ జవాబులన్నీ ఆ హాలు వాసనే కొడతాయి.

ప్ర: అన్నా, నంద్యాల రోడ్డులో మా నాయనది పాత పత్తి గోడౌను ఖాళీగా ఉంది, రేకుల షెడ్డు, 60 అడుగుల పొడవు 40 వెడల్పు. ట్రాన్స్ క్లబ్బు పెట్టాలని కాలేజీ రోజుల నుంచి పిచ్చి నాకు. చేతిలో 12 లక్షలు ఉన్నాయి. ఏ స్పీకర్లు కొనాలి, లేజర్లు ఎన్ని పెట్టాలి చెప్పన్నా. (ఒక తమ్ముడు, కర్నూలు)

జ: స్పీకర్ల మాట తర్వాత చూద్దాం తమ్ముడూ, ఆ గోడౌనుకి తలుపులు ఎన్ని ఉండాయి? అది రాయలేదు నువ్వు. నేను చూసిన పత్తి గోడౌన్లకి ముందర ఒక పెద్ద షట్టరు, అంతే. షట్టరు ఒక్కటే అయితే అది క్లబ్బు కాదు, బోను. నీ 12 లక్షల్లో మొదటి రూపాయి వెనక గోడ పగలగొట్టి, బయటికి తెరుచుకునే తలుపు పెట్టడానికి పోవాల. ముందరొకటి వెనకొకటి, వీలైతే పక్కన ఇంకొకటి, లోపల జనం ఉన్నంతసేపు ఒక్కదానికీ తాళం ఉండకూడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తాండానంటే, నా రెండో నైటే ఇది నాకు తగిలింది. జనం దిగే ముందు నేను ఒక చుట్టు తిరుగుతాను, ఆ రోజు కూడా తిరిగి వెనక తలుపు తోస్తే కదల్లేదు, చూస్తే గొలుసు చుట్టి తాళం వేసుండారు, టికెట్ లేకుండా పిలకాయలు దూరతారని హాలు వాళ్ళు వేయించినారంట. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకి పోయినాడు. పద్దెనిమిది నిమిషాలు నిలబడినా ఆ తలుపు దగ్గర, బయట క్యూలో నూటయాభై మంది, నేను మాత్రం గేటు తెరవనియ్యలేదు, తాళం తీసి నా జేబులో పడినాకే లోపలికి పంపినా. ఇప్పటికీ ఆ తాళం నా టూల్ బాక్సులోనే ఉండాది.

ఇంక స్పాంజి సంగతి. సౌండ్ బయటికి పోకుండా గోడలకి స్పాంజి షీట్లు, గుడ్ల అట్టలు అంటించమని చెప్పేవాళ్ళు నీకు చాలామంది దొరుకుతారు. వద్దు. 2003లో అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో ఒక క్లబ్బులో స్టేజీ మీద కాల్చిన బాణాసంచా నిప్పు గోడ స్పాంజికి అంటుకుని 100 మంది పోయినారు. పదేళ్ళకి 2013లో బ్రెజిల్ లో శాంటా మరియా ఊర్లో మళ్ళీ అదే కథ, 242 మంది, ఎక్కువమంది పోయింది మంటలకి కాదు, ఆ పొగకి. పోనీ స్పాంజితో సౌండ్ ఏమన్నా ఆగుతాదా అంటే అదీ లేదు, లోపల సౌండ్ గింగురుమనకుండా చేస్తాది గాని బేస్ ని, అంటే గుండెల్లో తగిలే ఆ లోతు దెబ్బని, ఆపేది బరువు ఒక్కటే. 50 హెర్ట్జ్ బేస్ అల పొడవు దగ్గర దగ్గర 7 మీటర్లు, అది నీ రేకుల్ని లెక్క చేస్తాదా చెప్పు, పైగా రేకులే మోగి ఇంకో స్పీకరు అవుతాయి. ఇటుక గోడ, నడమ గాలి ఖాళీ, మళ్ళీ ఒక గోడ, పైన రేకుల కింద బరువైన సీలింగు, తలుపు సందుల్లో రబ్బరు, ఇట్లా చేస్తేనే పని. ఖర్చు అవుతాది, కాదనను.

బేస్ అంటే ఒక జేజి గుర్తొస్తాది నాకు. మా మొదటి నైట్ రోజు హాలు వెనక సందులో ఉండే జేజి గేటు దగ్గరికొచ్చి, గొడవ పెట్టుకోలేదు ఏమీ లేదు, నాయనా ఒక్కసారి వచ్చి చూడు అనింది. పోయినా. ఆమె వంటింట్లో పాట వినపడ్డంలే, ఒక్క ముక్క కూడా, కానీ అరమారులో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి చిన్నగా టిక్ టిక్ టిక్ అంటాండాయి, చెయ్యి పెట్టి చూస్తే మా కిక్ డ్రమ్మే, పాటలో ధన్ ధన్ అనే పెద్ద దెబ్బ, అచ్చం నిమిషానికి 138. రెండు నిమిషాలు ఆ గ్లాసుల మీద చెయ్యి పెట్టుకుని నిలబడినా, సిగ్గేసింది. వెంటనే వచ్చి సబ్ ఊఫర్లు, అంటే బేస్ స్పీకర్లు, తగ్గించినా, పై నెలకి వాటిని కాంక్రీటు స్టేజీ మీద నుంచి దించి మందపాటి రబ్బరు దిమ్మెల మీద పెట్టినా, దిక్కు మార్చినా. ఇప్పుడు ప్రతి నైట్ లో ఒకసారి ఆ వంటింటికి పోయి గ్లాసులు చూసొస్తాను, ఆమె ఇచ్చే టీ తాగొస్తాను.

చట్టం చూసినా అంతే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్ స్పీకర్ పెట్టకూడదు, మూసిన హాలు లోపల అయినా సౌండ్ బయటికి పోకూడదు, ఇళ్ళుండే ఏరియాలో రాత్రి పరిమితి 45 డెసిబెల్సే. అందుకే మా నైట్ సాయంత్రం 5కి మొదలై 10కి ముందే అయిపోతాది. పేరుకి నైటు, మొదలయ్యేది ఎండలో, ఏం ఫరవాలేదు, జనం అలవాటు పడినారు. ఫైర్ వాళ్ళ దగ్గర అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, పోలీసు పర్మిషను, పాటల హక్కులు చూసే పీపీఎల్, ఐపీఆర్‌ఎస్ సంస్థల లైసెన్సులు, ఇవన్నీ స్పీకర్ల కంటే ముందు. లిక్కర్ పెట్టాలంటే ఎక్సైజు వాళ్ళది ఇంకో పెద్ద కథ, 21 ఏళ్ళు నిండని వాళ్ళకి పోయకూడదు. నేనైతే పెట్టలా. నన్నారి షర్బత్తు, నిమ్మకాయ సోడా, మజ్జిగ, ఉడకబెట్టిన చెనక్కాయలు, మంచినీళ్ళు ఎంత తాగినా ఉచితం. కర్నూలు ఎండాకాలం రేకుల కింద ఆడే వాళ్ళకి నీళ్ళు అమ్ముకోవడం పాపం తమ్ముడూ.

లేజర్లు సున్నా. ఒక పొగ మిషను, నాలుగు లైట్లు, సగం చీకటి చాలు. స్ట్రోబ్ లైటు టకటకా కొడితే కొంతమందికి ఫిట్స్ వస్తాయి, పెడితే గేటు దగ్గర బోర్డు రాయి, నిదానంగా కొట్టు. స్పీకర్లు మొదటి ఏడాది అద్దెకి తెచ్చుకో.

ప్ర: అన్నా, నేను అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నా. పోయిన నెల ఫ్రెండ్స్ తో బెంగళూరులో ఒక ట్రాన్స్ క్లబ్బుకి వెళ్ళా. మొదటి గంట ఏమీ అర్థం కాలే, మాటలు లేవు, అదే దెబ్బ కొడతానే ఉంది. తర్వాత ఒకచోట డ్రమ్ములన్నీ ఆగిపోయి ఒక ట్యూన్ మాత్రం వచ్చింది, కళ్ళు మూసుకున్నా, ఏడుపొచ్చేసింది. నేనేమీ తాగలేదు. నాకేమన్నా అయ్యిందా? (ఒక చెల్లెలు, అనంతపురం)

జ: ఏమీ కాలేదు చెల్లెమ్మా, నీకు ట్రాన్స్ దొరికింది, అంతే. అది మొదటి గంటలో దొరికేది కాదు.

నువ్వు చెప్పిన ఆ చోటుని బ్రేక్‌డౌన్ అంటారు. ట్రాన్స్ పాట నిమిషానికి 125 నుంచి 150 దెబ్బల మధ్య నడుస్తాది, 138 అయితే నాలుగు దెబ్బల ఆవర్తం రెండు సెకన్ల లోపే అయిపోతాది, అట్లాంటివి 32 కలిస్తే 56 సెకన్లు. అట్లా నిమిషాలకి నిమిషాలు ఒకే దెబ్బ మీద నడిపించి, ఒంటికి ఆ దెబ్బ ఊపిరి మాదిరి అలవాటు అయినాక, చటుక్కున దాన్ని తీసేస్తారు. కాళ్ళ కింద నేల పోయినట్టు ఉంటాది. ఆ ఖాళీలో ట్యూన్ ఒక్కటే నిలబడతాది. తర్వాత చిన్న డ్రమ్ము ముందు విడివిడిగా, పోను పోను చిక్కగా, గొంతు దాకా తెచ్చి కిక్ మళ్ళీ పడతాది.

మన చెక్కభజన చూసినావా ఎప్పుడన్నా? మా ఊర్లో రాములోరి గుడి ముందర గురువు నిదానంగా ఎత్తుకుంటాడు, అడుగు కూడా నిదానమే, చూసే వాళ్ళకి ఇంతేనా అనిపిస్తాది, పిల్లలు నిద్రపోతారు. గంట అయినాక అదే అడుగు, అదే పాట, గజ్జెలు ఎగిరిపోయేట్లు ఉంటాది, గురువు చెయ్యెత్తి ఒక్క క్షణం ఆపితే ఊరంతా ఊపిరి బిగబట్టేది. చిన్నప్పుడు మా జేజి కళ్ళు తుడుచుకోవడం నేను చూసినా, ఎందుకే అంటే ఏమో నాయనా అనేది. బెంగళూరులో మొదటిసారి బ్రేక్‌డౌన్ విన్న రోజు నాకు ఆమె మొహమే గుర్తొచ్చింది. నీ చెవిలో పడిన ఆ నిండు ట్యూన్ సౌండు ఉండాదే, దాన్ని సూపర్‌సా అంటారు, 90ల్లో వచ్చిన రోలాండ్ జేపీ-8000 అనే కీబోర్డుతో పేరొచ్చింది, ఏడు స్వరాలు ఒకే శ్రుతిలో పాడతా వెంట్రుకవాసి అటు ఇటు తప్పతాంటాయి. భజనలో ఏడుగురి గొంతులు కలిసినట్టే, ఆ చిన్న తేడా వల్లే అంత నిండుగా వినపడేది.

ఏడుపు సంగతి, 2011లో కెనడాలో మాంట్రియల్ లో శాస్త్రవేత్తలు మెదడు స్కాన్ చేసి చూసినారు, ఇష్టమైన సంగీతంలో పులకరింత వచ్చే క్షణానికి ముందే, ఆ ఎదురుచూపులోనే మెదడులో డోపమైన్ అనే సంతోషం రసాయనం పెరుగుతాదంట. అంటే నిన్ను కదిలించింది ఆ ట్యూన్ ఒక్కటే కాదు, నువ్వు ఓపిగ్గా నిలబడిన ఆ గంట కూడా.

నీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట ఇంకొకటి, కళ్ళు మూసుకున్నా అన్నావు. అంతమంది మధ్య చీకట్లో ఒక ఆడపిల్ల కళ్ళు మూసుకుని నిలబడగలిగింది అంటే ఆ క్లబ్బు నడిపే వాళ్ళు పని సరిగ్గా చేసినారని. నా హాల్లో సౌండు బాగుందా లేదా అని నేను మీటర్లు ఒక్కటే చూడను, ఎంతమంది కళ్ళు మూసుకుని ఉండారో చూస్తాను. మా దగ్గర తెల్ల బ్యాండ్ కట్టుకున్న నలుగురు అమ్మాయిలు ఫ్లోర్ మీదే తిరుగుతాంటారు, ఎవడన్నా చెయ్యి వేస్తే వాదన లేదు, బయటికే. ఒకసారి నాకు బాగా దగ్గరి దోస్తునే పంపించినా.

ప్ర: మా అబ్బాయి ఇంటర్ అయ్యి బెంగళూరు పోయినప్పటి నుంచి ట్రాన్స్ ట్రాన్స్ అంటున్నాడు. అది మత్తు మందుల పార్టీ అని మా తోడికోడలు చెప్పింది. నిద్ర పట్టడం లేదు. (ఒక అమ్మ, కడప)

జ: అక్కా, అబద్ధం చెప్పి మిమ్మల్ని నిద్రపుచ్చలేను. ఆ లోకంలో మందులు ఉండాయి, ఆ మాత్రలు ఒంట్లో వేడిని పెంచుతాయి, మూసిన హాల్లో గంటలు ఆడితే ప్రాణం మీదికే వస్తాది, దగ్గర దొరికితే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద కేసు, జైలు. ఇది అబ్బాయికి సూటిగా చెప్పండి, అరవకుండా.

కానీ సంగీతం వేరు, మందు వేరు. ఇది 90ల మొదట్లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ క్లబ్బుల్లో పెరిగింది, మన దేశంలో గోవాలో అంజునా బీచ్ లో విదేశీయులు రాత్రంతా వాయించి ఇంకో రకం తయారు చేసినారు. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్ మొదటి రోజు అన్ని దేశాల టీములు నడిచొస్తాంటే వాయించింది టియెస్టో అనే ట్రాన్స్ డీజేనే. మీరు గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల పండక్కి ఎప్పుడన్నా పోయింటే, ఆ డప్పులకి మనిషి తనను తాను ఎట్లా మర్చిపోతాడో మీకు నేను చెప్పక్కర్లేదు, ఏ మాత్రా లేకుండానే కదా అదంతా. అబ్బాయి ఊరికి వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి మా నైట్ కి రండి, 5 గంటలకి. వెనక కుర్చీలు వేసుంటాం, పోయిన నెల ఒక పెద్దాయన మనవడితో వచ్చి చివరిదాకా కూర్చున్నాడు.

ప్ర: నైట్ కి పోయొచ్చి రెండు రోజులైంది, చెవిలో గుయ్ అంటానే ఉంది. తగ్గుతుందా? (కర్నూలు)

జ: రెండు రోజులు అంటే ఇంక ఆగొద్దు, ఈ రోజే చెవి డాక్టరు దగ్గరికి పో. స్పీకరు ముందర నిలబడినావు కదా? ఈసారి వెనక్కి నిలబడు, మెడికల్ షాపులో దొరికే స్పాంజి బిరడాలు పెట్టుకో, మధ్యలో బయటికొచ్చి చెవులకి కాసేపు రెస్ట్ ఇయ్యి. క్లబ్బులకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పెట్టిన హద్దు సగటున 100 డెసిబెల్స్. నేను 96 దాటనియ్యను, డీజేలు కోప్పడతారు, పడనీ.

ప్ర: అన్నా, మాది గుంతకల్లు, పెళ్ళిళ్ళకి డీజే కొడతా. ట్రాన్స్ నేర్చుకోవాలి. (ఒక డీజే తమ్ముడు)

జ: పెళ్ళి డీజేకి జనాన్ని చదవడం వచ్చుంటాది, అది సగం పని. మర్చిపోవాల్సింది ఒకటే, పెళ్ళి ఊరేగింపులో మొదటి పాటే బాంబు మాదిరి పడాల, ఇక్కడ అట్లా వేస్తే తర్వాత పోవడానికి చోటు ఉండదు. 124 దగ్గర మొదలుపెట్టు, 138కి చేరేసరికి రెండు గంటలు పట్టాల. పాట మార్చేటప్పుడు 16 ఆవర్తాలు లెక్కపెట్టు, కొత్త పాట కిక్ పాత పాట కిక్ మీద పడాల, రెండు బేస్ లు ఒకేసారి ఉండకూడదు, ఒకటి పెంచితే ఒకటి తగ్గించు. రెండు ట్యూన్లు ఒకే శ్రుతిలో ఉండాయా చూసుకో, లేకుంటే చెవిలో ఇసక పడినట్టు ఉంటాది. ఫ్రాంక్‌ఫర్ట్ స్వెన్ వాత్, గోవా గిల్ లాంటి పాత డీజేల పెద్ద సెట్లు, అంటే గంటలకి గంటలు ఆపకుండా వాయించినవి, విను, గిల్ 24 గంటలు ఏకబిగిన వాయించేవాడు, ఒక్క పాటతో కాదు ఒక రాత్రి మొత్తంతో ఆలోచించడం వాళ్ళ దగ్గర తెలుస్తాది.

వచ్చే నైట్ కి మధ్యాహ్నం 3కి వచ్చేయ్, కేబుళ్ళు పరుద్దాం, తలుపులు చూద్దాం, జేజి ఇంటికి పోయి గ్లాసులు చూద్దాం. 5కి గేటు తీసినాక మొదటి అరగంట హాల్లో పది మంది కూడా ఉండరు, ఆ అరగంట నువ్వే వాయించు.