మొదటి మిగ్-21 మోడల్‌కి రెజిన్, ఇత్తడి భాగాలు విడిగా కొనాలా?

తమ్మీ, నువ్వు పాలమూరులో డిగ్రీ చదువుతూ, దాచుకున్న డబ్బుతో ఎడువార్డ్ కంపెనీ వాళ్ల 1/48 స్కేలు (అసలుదానిలో 48వ వంతు) మిగ్-21 యుద్ధవిమానం, బిస్ రకం, ప్లాస్టిక్ మోడల్ కిట్ తెప్పించుకున్నావు. అదీ ప్రొఫిప్యాక్, అంటే అదనపు భాగాలు కలిపి అమ్మే పెట్టె. ఇప్పుడు దానికి రెజిన్ (అచ్చులో పోతపోసే గట్టి పదార్థం) కాక్‌పిట్, రెజిన్ సీటు, రెజిన్ ఎగ్జాస్ట్, రెజిన్ చక్రాలు, రంగు వేసిన ఇత్తడి ప్యానెళ్లు, ఇత్తడి పిటో ట్యూబ్ (గాలి వేగం కొలిచే ముక్కు గొట్టం) అన్నీ కలిపి కొనాలా అని అడిగావు. సీటు, పిటో ట్యూబ్ కొనుక్కో. మిగతావి ఈసారికి వదిలెయ్. రంగు వేసిన ఇత్తడి ప్యానెళ్లు అయితే అసలు కొనొద్దు. ప్రొఫిప్యాక్ పెట్టెలో అవి ముందే ఉంటాయి, రంగు పడకుండా అద్దానికి అంటించే మాస్కులు కూడా ఉంటాయి. పెట్టె విప్పి చూసుకో.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నువ్వు రాసిన జాబితా మొత్తం ఒకసారి నేను కొన్నాను. నాది నల్లగొండ. మా మేనమామది దేవరకొండ. ఆయన వైమానిక దళంలో ఎయిర్‌మన్‌గా మిగ్-21ల మీదే పనిచేసి రిటైర్ అయ్యాడు. ఆయనకి ఇవ్వాలని మొదటి మిగ్ మొదలుపెట్టాను. విమానం ఏమీ తక్కువ కాకూడదని దొరికిన భాగమల్లా తెప్పించాను. కస్టమ్స్ డ్యూటీ కూడా కలిపితే భాగాల ఖర్చు కిట్ ధరని దాటిపోయింది. ఆ మోడల్ పూర్తయింది కానీ మామకి ఇవ్వలేకపోయాను. ఏం జరిగిందో చెబుతా, నీకు పనికొస్తుంది.

రెజిన్ కాక్‌పిట్ ఎంత బాగుంటుందంటే, చేతిలోకి తీసుకుంటే కింద పెట్టబుద్ధి కాదు. స్విచ్చులు, పక్క గోడల మీద తీగలు, అన్నీ అచ్చు గుద్దినట్టు ఉంటాయి. నాలుగు సాయంత్రాలు కూర్చుని రంగు వేశాను. సోవియట్ కాక్‌పిట్లకి ఉండే ఆ నీలం కలిసిన ఆకుపచ్చ, నల్ల డయళ్లు, ప్యానెల్ మధ్యలో నిలువుగా తెల్ల గీత. ఆ గీత అలంకారం కాదు. విమానం స్పిన్‌లో పడితే, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి పడుతుంటే, నడిపే కర్రని ఎటు నెట్టాలో తెలియక తికమకపడే పైలట్‌కి, కర్రని నడిమికి తెచ్చుకోవడానికి అది గుర్తు. మామ చెప్పేదాకా నాకూ తెలియదు. ఆ గీత నువ్వూ తప్పకుండా వెయ్యి, నీ ఇత్తడి ప్యానెల్ మీద అచ్చయి లేకపోతే.

ఇంతా చేసి, విమానం రెండు సగాలు దగ్గరికి తెస్తే మూసుకోలేదు. రెజిన్ కాక్‌పిట్ తొట్టి కిట్ ప్లాస్టిక్ తొట్టి కన్నా మందం. దాని కోసం విమానం లోపలి గోడని చెక్కి పలచన చెయ్యాలి. రంగు వేయకముందే పెట్టి చూసుకోవాల్సింది, నేను చూడలేదు. అప్పటికే రంగు పూర్తయింది కాబట్టి దాన్ని గీకడానికి చెయ్యి రాలేదు. టేపు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, జిగురు పోసి బలవంతంగా బిగించాను. పొద్దున చూస్తే విమానం వీపు మీద అతుకు పొడవునా పగిలి ఉంది. విప్పే ప్రయత్నంలో కాక్‌పిట్ అంచు కూడా పోయింది.

రెండో దెబ్బ ఎగ్జాస్ట్ దగ్గర తగిలింది. రెజిన్ గొట్టం ప్లాస్టిక్ దానికన్నా బరువు, అదీ సరిగ్గా తోక చివర కూర్చుంటుంది. సందుల్లో పుట్టీ పూసి అంతా మూసేసి, చక్రాల మీద నిలబెడితే తోక నేలకి ఆనింది, ముక్కు ఆకాశం చూసింది. ముక్కులో ఉండే శంఖువు ఇంకా అతికించలేదు కాబట్టి సరిపోయింది. గాలానికి కట్టే సీసం గుండ్లు సాగర్ వెళ్లినప్పుడు తెచ్చి, శంఖువు నిండా కూరి, సూపర్ గ్లూ పోసి అంటించాను. చిన్న గుండ్లు తెచ్చుకో, వేలితో నొక్కితే సందుల్లోకి వెళ్తాయి. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కో. నువ్వు ఏ రెజిన్ భాగం పెట్టినా పెట్టకపోయినా, రెండు సగాలు మూయకముందే టేపుతో చక్రాలు, రెక్కలు తగిలించి ఒకసారి బరువు చూసుకో.

ఒక్క భాగం మారిస్తే దాని చుట్టూ ఉన్న నాలుగు కదులుతాయి. కాక్‌పిట్ మారిస్తే గోడ పలచన కావాలి, ముందు ప్యానెల్ పైకప్పు సరిచేయాలి, అద్దం కూర్చుంటుందో లేదో చూడాలి. ఎగ్జాస్ట్ మారిస్తే బరువు మారుతుంది. చక్రాలు మారిస్తే ఇరుసు రంధ్రం కలవదు, మళ్లీ తొలచాలి. పది మోడళ్లు చేసినవాడికి ఇది సరదా పనే. మొదటి మోడల్ మీద ఇవన్నీ ఒకేసారి పడితే కిట్ మళ్లీ పెట్టెలోకి, పెట్టె అటక మీదికి వెళ్తుంది. సీటు, పిటో ట్యూబ్ అలా కాదు. చివర్లో పెట్టేవే, ఎవరితోనూ పేచీ లేదు.

సీటు ఎందుకంటే, కాక్‌పిట్ అద్దపు మూత తెరిచి పెడితే కంటికి మొదట తగిలేది అదే. అసలు విమానం రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, నీ మోడల్లో అది 15 సెంటీమీటర్లు కూడా ఉండదు. అంత చిన్న దాంట్లో కాక్‌పిట్ నేల, పక్క స్విచ్చులు ఎవరికీ కనబడవు. సీటు తల భాగం, భుజాల మీది బెల్టులు మాత్రం గదిలో అటునుంచి కూడా కనిపిస్తాయి. కిట్ సీటుకి ఇత్తడి బెల్టులు వంచి అంటించడం కన్నా, బెల్టులు మడతలతో సహా పోతపోసి ఉన్న రెజిన్ సీటు బాగుంటుంది. కానీ కొనేటప్పుడు ఏ సీటో చూడు. బిస్‌కి కేఎం-1 రకం సీటు. మన దగ్గర మొదట్లో వచ్చిన మిగ్-21 రకం టైప్ 74, ఆ తర్వాత నాసిక్‌లో తయారైన ఎఫ్ఎల్, అంటే టైప్ 77, వీటిలో ఎస్‌కే రకం సీటు. అది వేరే. వాటి మూత ముందు వైపు కీలుతో తెరుచుకుంటుంది, నీ బిస్ మూత కుడి పక్కకి తెరుచుకుంటుంది. సీటు తప్పు పెడితే మోడల్ గురించి తెలిసినవాడు మొదట అదే అంటాడు.

పిటో ట్యూబ్ గురించి ఆలోచించే పనే లేదు, కొనెయ్. మిగ్-21 ముక్కు మీద నుంచి ముందుకు పొడుచుకొచ్చిన ఆ సన్నటి గొట్టం ప్లాస్టిక్‌లో మందంగా ఉంటుంది, తుడిచేటప్పుడు గుడ్డ తగిలినా విరుగుతుంది. నాది రెండుసార్లు విరిగింది. పోలండ్‌కి చెందిన మాస్టర్ అనే కంపెనీ వాళ్లు లేత్ మీద తిప్పిన ఇత్తడి గొట్టం అమ్ముతారు, సూది లాగా ఉంటుంది, నిటారుగా ఉంటుంది. బిస్‌కి అది సరిగ్గా నడిమధ్యన ఉండదు, పైలట్ కూర్చున్నట్టు చూస్తే కొంచెం కుడికి జరిగి ఉంటుంది. రంధ్రం తొలిచే ముందు అసలు ఫోటో పక్కన పెట్టుకో. పని పూర్తయ్యేదాకా దాన్ని తగిలించకు. ఇంట్లో చిన్న పిల్లలుంటే కంటికి ప్రమాదం.

ఇక రెజిన్‌తో పని. ముందు గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో పాత టూత్ బ్రష్‌తో కడిగి ఆరబెట్టు. అచ్చు నుంచి ఊడి రావడానికి పూసిన జిడ్డు దాని మీద ఉంటుంది, అది పోకపోతే రంగు గోరు తగిలితే లేస్తుంది. సీటు కింద దిమ్మ లాంటిది అంటుకుని ఉంటుంది, దాన్ని సన్న రంపంతో కోయాలి. బ్లేడుతో నొక్కి విరగ్గొట్టకు, సీటు అడుగు పగులుతుంది. కోసేటప్పుడు, రాసేటప్పుడు తడిగానే రాయి, ముక్కుకి మాస్కు పెట్టుకో. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. ఫ్యాన్ కింద ఈ పని అస్సలు వద్దు. ప్లాస్టిక్ అతికించే సిమెంటు రెజిన్‌ని, ఇత్తడిని పట్టుకోదు. అది ప్లాస్టిక్‌ని కరిగించి అతుకుతుంది కాబట్టి ప్లాస్టిక్ మీదే పనిచేస్తుంది. వీటికి సూపర్ గ్లూ వాడు. సీసాతో నేరుగా పోయకుండా ఒక చుక్క పాత సీడీ మీద వేసి, గుండుసూది మొనతో తీసి పెట్టు. అద్దం దగ్గర మాత్రం సూపర్ గ్లూ వద్దు, ఆవిరికి అద్దం తెల్లబడుతుంది. అక్కడ ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చాలు.

పెట్టెలో ఉన్న ఇత్తడి రేకు భాగాల గురించి ఒక ముచ్చట. నా మొదటి మోడల్‌కి ఒక సన్నటి రేకుని గుండ్రంగా వంచాల్సి వచ్చింది. ఎంత వంచినా స్ప్రింగ్ లాగా తిరిగి లేస్తోంది. మా వీధిలో ఒక అవుసలాయన ఉన్నాడు, చూపించాను. కళ్లద్దాలు దింపి చూసి, "సార్, గిది కాల్చకుంట వంచితె ఇరుగుతది" అన్నాడు. శ్రావణంతో అంచు పట్టి మంట మీద అటు ఇటు రెండుసార్లు తిప్పాడు, రేకు మసక ఎరుపుకి వచ్చి నల్లబడింది. చల్లారాక పెన్సిల్ మీద పెట్టి వేలితో రుద్దితే కాగితం లాగా చుట్టుకుంది. అప్పటి నుంచి గుండ్రంగా వంచేవన్నీ నేను కొవ్వొత్తి మంట మీద కాలుస్తాను. రెండు జాగ్రత్తలు చెబుతా. రంగు అచ్చయి వచ్చిన ప్యానెళ్లు కాలిస్తే రంగు మాడిపోతుంది, వాటి జోలికి పోకు. నిటారుగా మూల తిరగాల్సినవి కూడా కాల్చకు, మెత్తబడ్డ రేకు గీత మీద కాకుండా ఎక్కడపడితే అక్కడ వంగుతుంది. వాటిని రెండు స్టీలు స్కేళ్ల మధ్య బిగించి మడతపెట్టు.

రేకు నుంచి కోసేటప్పుడు కింద అద్దం ముక్క పెట్టు, చేతులు రెండూ పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ సంచి లోపల పెట్టి కోయి. ఎగిరిన ముక్క సంచిలోనే ఉంటుంది. బియ్యపు గింజలో సగం ఉండే మీట కోసం ఒక ఆదివారమంతా చాప కింద వెతికాక నేర్చుకున్నాను ఇది.

రంగుల గురించి మీ వైపు ఎండలకి ఒక్క మాట. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 40 దాటిన వేడిలో అక్రిలిక్ రంగు బ్రష్ మీదే ఎండిపోతుంది, గీతలు గీతలుగా కనబడుతుంది. పొద్దున 8 లోపు వెయ్యి, లేదా రంగుని త్వరగా ఆరనివ్వని రిటార్డర్ రెండు చుక్కలు కలుపు. వానాకాలంలో థిన్నర్‌తో కలిపే లాకర్ రంగులు వేస్తే గాలిలోని తేమకి తెల్లటి పొర వస్తుంది, ముసురు పట్టిన రోజు ఆపెయ్.

భారతీయ గుర్తులు నీ పెట్టెలో లేకపోతే డెకాల్స్‌కి, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులకి, పెట్టే ఖర్చు వృథా కాదు. బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల పచ్చ వృత్తం. ఆ కాషాయం సరిగ్గా అచ్చు కావాలి, వేరే దేశపు నారింజ రంగుతో సర్దుకుంటే దూరం నుంచే తెలుస్తుంది. ఇంకొకటి, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పింది టీవీలో చూసి, అదే విమానం చేయాలని నీకు అనిపిస్తే, అవి బైసన్‌లు. బిస్‌కి మార్పులు చేసి బైసన్ చేశారు. ముందు అద్దానికి చట్రం లేకుండా ఒకే ముక్కగా ఉంటుంది, నీ కిట్‌లోది చట్రం ఉన్న అద్దం. మార్పు కిట్ లేకుండా అది కుదరదు. నీ పెట్టెలో ఉన్నదాన్ని పాత బిస్‌గానే చెయ్యి, అది కూడా మనదే.

ఆ వీడ్కోలు మామ టీవీ ముందు కూర్చుని చూశాడు, ఒక్క మాట మాట్లాడలేదు. 1963లో మన దళంలోకి వచ్చిన విమానం, ఆయన ఉద్యోగం అంతా దాని కిందే గడిచింది. ఆ వారమే నేను రెండో కిట్ తీశాను. ఈసారి సీటు, పిటో ట్యూబ్, డెకాల్స్ తప్ప బయటి భాగం ఒక్కటీ లేదు. రెండున్నర నెలల్లో పూర్తయింది. దేవరకొండ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. చూపు తగ్గింది కాబట్టి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వేలితో మూత పక్కన తడుముతూ చాలాసేపు చూశాడు. సీటు చూసి తల ఊపాడు. తర్వాత, "గీ గొట్టానికి ఎర్ర తొడుగు ఏదిరా? నేల మీద ఉన్నప్పుడు గది లేకుంటె మా సార్లు ఊకుందురా?" అన్నాడు.

అక్కడే చేశాను. టిష్యూ కాగితం సన్నగా చించి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, నూనె రాసిన గుండుసూదికి చుట్టి ఆరబెట్టాను. ఊడదీసి, మరదలి దగ్గర నెయిల్ పాలిష్ తీసుకుని ఎరుపు వేశాను. కొసకి పోగంత ఎర్ర పట్టీ వేలాడేలా అంటించాను. పిటో ట్యూబ్‌కి దాన్ని మామే తొడిగాడు.