ఆట మానేసినా తగ్గని అభిమానం

ప్రశ్న: ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి ఆర్టూర్స్ ఇర్బే అనే లాత్వియా ఐస్ హాకీ గోల్‌కీపర్ పాత వీడియోలను ఫోన్‌లో తెగ చూస్తున్నాడు. ఆయన ఆట మానేసి చాలా ఏళ్లయిందట. ఈ ఆదరణ నిజమైనదేనా, లేక వ్యూస్ కోసం ఎవరైనా పుట్టించినదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇర్బే మీద అభిమానం స్మార్ట్‌ఫోన్లు రాకముందే పుట్టిందమ్మా. 1967లో లాత్వియా రాజధాని రీగాలో జన్మించిన ఆయన, అమెరికాలోని శాన్ హోసే షార్క్స్ జట్టు తరఫున 1993-94 సీజన్‌లో ఏకంగా 74 మ్యాచ్‌లు ఆడారు. అంతకు ముందు సీజన్‌లో 71 మ్యాచ్‌లు ఓడి నవ్వులపాలైన ఆ జట్టే, ఆయన గోల్ ముందు నిలబడ్డాక, ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో మహా బలమైన డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌ను ఏడో మ్యాచ్‌లో 3-2తో ఇంటికి పంపింది.

ఈసారి ఆ వీడియో పెట్టినప్పుడు ఆయన కాళ్లకున్న ప్యాడ్లను చూడండి. మాసి, అరిగి, అతుకులు పడిన ఆ పాత ప్యాడ్లను స్వయంగా కుట్టుకుని బాగుచేసుకుంటూ ఆయన ఏళ్ల తరబడి వాడారు. ఐస్ హాకీ నియమం ఒక్కటీ తెలియనివారు కూడా ఆ ప్యాడ్లను బట్టి మనిషిని గుర్తుపట్టగలరు కాబట్టి, పది సెకన్ల వీడియోల కాలానికి ఆయన సరిగ్గా సరిపోయారు. ఇక స్వదేశంలో ఆయన పట్ల గౌరవానికి ఆట ఒక్కటే కారణం కాదు. లాత్వియా ఇంకా సోవియట్ యూనియన్ నుంచి విడిపోతున్న 1991 జనవరిలో, సోవియట్ బలగాలను అడ్డుకోవడానికి రీగా ప్రజలు వీధుల్లో అడ్డుకట్టలు వేసి కాపలా కాసినప్పుడు వారిలో ఇర్బే కూడా ఉన్నారు. 2006 టురిన్ ఒలింపిక్స్‌లో లాత్వియా జెండా పట్టి నడిచింది ఆయనే.

వ్యూస్ సంగతికి వస్తే, లాత్వియా అభిమానుల పట్టుదల ఎంతటిదో 2015లో అందరికీ తెలిసింది. ఆ ఏడాది ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా జట్లు ఆడే ఐస్ హాకీ లీగ్) మేటి ఆటగాళ్లతో జరిపే ఆల్‌స్టార్ మ్యాచ్‌కు ఆన్‌లైన్ ఓటింగ్ పెడితే, బఫలో సేబర్స్ జట్టుకు ఆడుతున్న లాత్వియా ఆటగాడు జెమ్గస్ గిర్గెన్సన్స్ 15 లక్షలకు పైగా ఓట్లతో అందరికంటే ముందు నిలిచారు. 2011 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి వరంగల్ జిల్లా జనాభాయే 35 లక్షలుండగా, లాత్వియా దేశమంతా కలిపి సుమారు 20 లక్షలే! ఒక్కొక్కరు మళ్లీ మళ్లీ ఓటు వేసే వీలుండడంతో అది సాధ్యమైంది. దాన్ని మోసమనలేము గానీ, ఆ సీజన్‌లో ఆయనే అత్యుత్తమ ఆటగాడని కూడా అనలేము. పారిస్ పారాలింపిక్స్‌లో మన కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి కాంస్యం గెలిచిన రోజున వరంగల్ ఫోన్లన్నీ ఆమె వీడియోలతో నిండిపోలేదా? సొంత మనిషి అనుకున్నవారిని జనం అలాగే పంచుకుంటారు.

కనుక మీ అబ్బాయిని వారించనక్కరలేదు. 2014 సోచి ఒలింపిక్స్‌లో లాత్వియాపై కెనడా 2-1తో గట్టెక్కిన క్వార్టర్‌ఫైనల్‌ను కూడా చూడమనండి; ఇర్బే తర్వాతి తరానికి చెందిన లాత్వియా గోల్‌కీపర్ క్రిస్టెర్స్ గుడ్లెవ్‌స్కిస్ ఆ ఒక్క మ్యాచ్‌లోనే 55 షాట్లు ఆపారు.