క్వాంటం సిద్ధాంతం వచ్చాక కూడా బోర్ పరమాణు నమూనాను ఎందుకు బోధిస్తున్నారు?

1913లో భౌతిక శాస్త్రవేత్త నీల్స్ బోర్ ప్రతిపాదించిన పరమాణు నమూనాను, అతి సూక్ష్మ కణాల ప్రవర్తనను వివరించే క్వాంటం యాంత్రిక శాస్త్రం 1920లలోనే అధిగమించినా, ఎలక్ట్రాన్ శక్తి నిర్దిష్ట స్థాయుల్లోనే ఉంటుందన్న దాని మూలభావన నేటికీ నిలిచి ఉన్నందున పాఠశాలల్లో దానిని బోధిస్తున్నారు. కొత్త సిద్ధాంతానికి కావలసిన గణితం ఆ వయసు విద్యార్థులకు ఇంకా పరిచయమై ఉండదు. బోర్ లెక్కకు బీజగణితం చాలు. ఉదాహరణకు, హైడ్రోజన్ ఎలక్ట్రాన్ మూడో స్థాయి నుంచి రెండో స్థాయికి దిగినప్పుడు వెలువడే ఎర్రని కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 656 నానోమీటర్లని ఆ లెక్క చెబుతుంది, ప్రయోగంలోనూ అంతే వస్తుంది. రెండు ఎలక్ట్రాన్లున్న హీలియం దగ్గరే అది విఫలమవుతుందని చెప్పకపోతే మాత్రం పాఠం అసంపూర్ణమే. బోర్ నమూనాలో చూపినట్టు ఎలక్ట్రాన్లు గ్రహాల్లా గీసినట్టున్న కక్ష్యల్లో తిరుగుతాయన్నది చాలామందిలో ఉన్న అపోహ. నిజానికి అవి ఎక్కడ ఉండే సంభావ్యత ఎంతో మాత్రమే చెప్పగలం.