వంటింటి స్టవ్ సంగతి తర్వాత, ముందు బాత్రూమ్‌లో గీజర్ చూడండి

ప్రశ్న: మాది హైదరాబాద్ కూకట్‌పల్లిలో డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్. మా బాబుకు ఏడేళ్లు. నాలుగో ఏట నుంచి పిల్లికూతలు, ఆయాసం. డాక్టర్ ఆస్తమా అని ఇన్‌హేలర్ రాశారు. గ్యాస్ స్టవ్ వల్లే పిల్లలకు ఆస్తమా వస్తుందని, ఇండక్షన్‌కి మారిపొమ్మని, పర్యావరణానికి కూడా అదే మంచిదని అమెరికాలో ఉన్న మా మరిది ఒకటే పోరు. నిజమేనా? మా అత్తగారికి 66 ఏళ్లు, రెండేళ్ల క్రితం పేస్‌మేకర్ పెట్టారు. ఆవిడ ఇండక్షన్ దగ్గర వంట చేయొచ్చా? ఈ చలికాలంలో స్నానం చేసి బయటికి రాగానే ఆవిడకు కళ్లు తిరుగుతున్నాయి, తల పట్టేస్తోంది. బీపీ అనుకుంటున్నాం. మా బాత్రూమ్‌లో ఉన్నది గ్యాస్ గీజరే. దాన్నీ మార్చాలా?
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

సలహా: మీరు ఆఖర్లో ఒక్క ముక్కలో అడిగేసిన ప్రశ్న దగ్గరే నేను ఆగిపోయాను. స్టవ్ గురించి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. గీజర్ విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. ఈ రోజు నుంచే ఎవరూ దాన్ని వాడకండి.

గ్యాస్ గీజర్ అంటే గోడకు బిగించిన పొయ్యే. మన బాత్రూమ్‌లు అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉంటే గొప్ప. చలికాలంలో తలుపు బిగించుకుంటాం. దోమలు వస్తున్నాయని వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెడతాం. ఆ కాస్త గదిలో ఉన్న ఆక్సిజన్‌నే మంటా, మనిషీ పంచుకోవాలి. పది నిమిషాలు గడిచేసరికి మంటకు ఆక్సిజన్ చాలదు, గ్యాస్ సరిగ్గా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మెదడుకీ, గుండెకీ అందాల్సిన ఆక్సిజన్ అందదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, ఆ తర్వాత స్పృహ తప్పడం... వరస ఇదీ.

‘గ్యాస్ లీకైతే వాసన వస్తుంది కదా డాక్టర్’ అని చాలామంది అంటారు. సిలిండర్ గ్యాస్‌కి సొంత వాసన లేదు. లీకైతే తెలియాలని అందులో ఘాటైన రసాయనం కలుపుతారు. గ్యాస్ మండినప్పుడు అదీ కాలిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఏదీ ఉండదు. ముక్కు పనికిరాదు.

నేను పీజీ చేస్తున్న రోజుల్లో ఓ జనవరి ఉదయం, స్నానానికి వెళ్లి పడిపోయిందని ఒక కాలేజీ అమ్మాయిని తీసుకొచ్చారు. చేతులు కొట్టుకున్నాయన్నారు. స్కానింగ్ మామూలుగానే ఉంది. ఫిట్స్ అనుకుని మందులు మొదలుపెట్టి పంపించాం. రెండు వారాలు తిరక్కుండా ఆమె చెల్లెలు అదే బాత్రూమ్‌లో పడిపోయింది. అప్పుడు మా పెద్ద డాక్టరు గారు కేస్ షీట్ పక్కన పెట్టి, ‘అమ్మా, మీ ఇంట్లో వేన్నీళ్లు ఎలా కాచుకుంటారు?’ అని అడిగారు. అంతవరకూ మాలో ఒక్కరికీ ఆ ప్రశ్న తట్టలేదు. పెద్దమ్మాయి ఫిట్స్ మందులు ఆపేశాం. గీజర్ తీసేశారు. తర్వాత ఆ ఇంట్లో ఎవరూ పడిపోలేదు. మన దేశంలో ఇలాంటి కేసులు ఎన్ని వచ్చాయంటే, వైద్య పత్రికల్లో దీనికి ‘గ్యాస్ గీజర్ సిండ్రోమ్’ అని పేరే పడిపోయింది.

ఇంకో సంగతి. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. అత్తగారి వేలికి పెట్టి, 98 ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ని కూడా ఆ పరికరం ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ కిందే లెక్కేస్తుంది. నిజం తేలాలంటే రక్తంలో కార్బాక్సీ హిమోగ్లోబిన్, అంటే కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్, ఎంతుందో పరీక్ష చేయాలి. అదీ వెంటనే. బయటి గాలి పీల్చుకుంటూ ఉంటే నాలుగైదు గంటల్లో అది సగానికి పడిపోతుంది కాబట్టి, పొద్దున తల తిరిగితే సాయంత్రం పరీక్ష చేయించి లాభం లేదు.

అలాగని అత్తగారి ఇబ్బంది అంతా గీజర్ మీదకే నెట్టేయను. పేస్‌మేకర్ ఉన్న మనిషికి కళ్లు తిరుగుతుంటే ఆ పరికరం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలి. బీపీ మాత్రలు వాడుతుంటే, వేడినీళ్ల స్నానం తర్వాత బీపీ పడిపోయి కూడా తూలొచ్చు. కార్డియాలజిస్టు దగ్గరికి ఈ వారమే తీసుకెళ్లండి. ఇంట్లో గ్యాస్ గీజర్ ఉందన్న మాట మాత్రం మర్చిపోకుండా చెప్పండి. ఆయన అడక్కపోవచ్చు.

గీజర్‌ని బాత్రూమ్ బయట, గాలి ధారాళంగా ఆడే బాల్కనీలో బిగించి, వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి తెచ్చుకుంటే ప్రమాదం చాలా తగ్గుతుంది. నన్నడిగితే కరెంటు గీజరే పెట్టించండి. అపార్ట్‌మెంట్ వాళ్లు ఒప్పుకుంటే డాబా మీద సోలార్ వాటర్ హీటర్ ఇంకా మంచిది. మన ఊళ్లో ఎండకేం తక్కువ? కరెంటు గీజర్‌తో వేరే గండం ఉంది. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే షాక్ కొడుతుంది. ఐఎస్ఐ మార్కు ఉన్నదే కొనండి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించుకోండి, షాక్ కొడితే కరెంటును ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించండి. నీళ్లు వేడెక్కాక స్విచ్ ఆపేసి స్నానానికి వెళ్లడం మన పెద్దవాళ్లకు అలవాటే. ఆ అలవాటు మానకండి.

ఇక స్టవ్. మీ మరిది చెప్పింది కొంతవరకు నిజం. గ్యాస్ మంట వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ డయాక్సైడ్ తయారవుతుంది. గ్యాస్ ఎంత స్వచ్ఛమైనదైనా, మంట నీలంగా ఎంత చక్కగా ఉన్నా ఇది తప్పదు. ఊపిరి గొట్టాలను చికాకు పెట్టే వాయువు ఇది. 2013లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, గ్యాస్ మీద వండే ఇళ్లలో పిల్లలకు ఆస్తమా ఉండే అవకాశం 42 శాతం ఎక్కువని తేలింది. అమెరికాలో తరచూ చెప్పుకునే అంకెల్లో అదొకటి. అదే ఏడాది 47 దేశాల్లో 5 లక్షల మందికి పైగా పిల్లలను చూసిన మరో అధ్యయనంలో, కట్టెల పొయ్యి లాంటి మంటలకీ ఆస్తమాకీ సంబంధం కనిపించింది కానీ గ్యాస్‌తో కనిపించలేదు. కాబట్టి గ్యాస్ స్టవ్ వల్లే మీ బాబుకు ఆస్తమా వచ్చిందని నేను రాసివ్వలేను. అసలే ఆస్తమా ఉన్న పిల్లాడు కిటికీ మూసిన వంటింట్లో మంట పక్కన కూర్చుంటే ఆయాసం పెరగొచ్చు. అది మాత్రం చెప్పగలను.

మీ మరిది ఉండేచోట చలికి ఇల్లంతా మూసేసుకుంటారు. మనకు కిటికీ తెరిచే వీలుంది. తెరుస్తున్నామా అన్నదే ప్రశ్న. నా దగ్గరికి వచ్చే తల్లులను నేను మొదట అడిగేది, సాయంత్రం వంట టైమ్‌లో పిల్లాడు ఎక్కడుంటాడు అని. చాలా ఇళ్లలో జవాబు ఒకటే: వంటగట్టు పక్కన స్టూల్ వేసుకుని హోంవర్క్ రాస్తుంటాడు. అమ్మ ఒక చేత్తో కూర కలుపుతూ ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ ఉంటుంది. ముందు ఆ స్టూల్ హాల్లోకి మార్చండి.

ఎండుమిర్చి పోపు పొగ, నూనెలో వేపుడు పొగ... ఇవి ఇండక్షన్ మీద చేసినా వస్తాయి. పొయ్యి మారిందని పోపు ఘాటు తగ్గదు. అందుకే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇండక్షన్ కంటే ముందు కావాలి. చిమ్నీ ఉందంటారేమో, దాని పైపు బయటికి వెళ్తోందా అని చూడండి. పైపు లేని రకం నూనె జిడ్డును పట్టుకుంటుంది తప్ప వాయువుల్ని బయటికి పంపదు. ఆ గాలినే తిప్పి మళ్లీ మన మొహాన కొడుతుంది. దోమల చక్రం వెలిగిస్తారేమో మీరు రాయలేదు. ఒక్క చక్రం కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉండేంత అని 2003లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. వేల రూపాయలు పోసి స్టవ్ మార్చి, రాత్రికి పిల్లాడి మంచం కింద చక్రం వెలిగించే వాళ్లను నేను చూశాను.

పర్యావరణం మాట కూడా అడిగారు కాబట్టి కాగితం మీద ఒక లెక్క వేశాను. 14.2 కిలోల సిలిండర్ మొత్తం కాలితే సుమారు 42 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అదే వంట ఇండక్షన్ మీద చేస్తే సుమారు 140 యూనిట్ల కరెంటు కావాలి. మన దేశంలో కరెంటు దాదాపు నాలుగింట మూడొంతులు బొగ్గు నుంచే వస్తోంది. యూనిట్‌కి సగటున 700 గ్రాముల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటే దాదాపు 100 కిలోలు. సిలిండర్ తయారీ, రవాణాల్లో వెలువడేది ఇందులో కలపలేదు. అది కలిపినా, ఇవాళ్టికి మామూలు కరెంటుతో ఇండక్షన్ వాడితే వాతావరణానికి మేలు జరుగుతుందని చెప్పడం కష్టం. పొగ మన వంటింట్లోంచి థర్మల్ ప్లాంట్ చిమ్నీకి మారుతుందంతే. ఇంటి మీద సోలార్ పలకలుంటే కథ వేరు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. పగటి వంట ఆ కరెంటుతో చేసుకుంటే మీ మరిది మాటకు నేనూ ఓటేస్తాను. గ్రిడ్‌లో సోలార్, గాలిమరల కరెంటు పెరిగేకొద్దీ ఈ లెక్క మారుతూ ఉంటుంది.

ఈ జవాబు చదివి ఊళ్లో ఉన్న అమ్మమ్మకు ఫోన్ చేసి గ్యాస్ మంచిది కాదట అని మాత్రం చెప్పకండి. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక కట్టెల పొగ నుంచి బయటపడ్డ ఆడవాళ్ల ఊపిరితిత్తులకు ఆ సిలిండర్ చేసిన మేలు చాలా పెద్దది. ముప్పై ఏళ్లు పొయ్యి ఊదిన వాళ్ల దగ్గు నేను రోజూ వింటాను. బీడీ కాల్చిన వాళ్ల దగ్గుకీ దానికీ తేడా పట్టడం కష్టం.

అత్తగారి పేస్‌మేకర్ గురించి: ఇండక్షన్ వాడకూడదని ఏమీ లేదు. స్టవ్‌కీ, పేస్‌మేకర్ ఉన్న చోటుకీ మధ్య రెండడుగులు, అంటే 60 సెంటీమీటర్లు, దూరం ఉండాలి. మీద పడి మూత తీసి చూడ్డం, గిన్నె మీదకు వంగి ఉప్పు చూడ్డం ఆవిడ మానుకోవాలి. ఏ ఇల్లాలికైనా కష్టమే ఇది! గిన్నె స్టవ్ మధ్యలో సరిగ్గా కూర్చోవాలి, వేడెక్కే వలయం కంటే చిన్నది పెట్టకూడదు. ఎలాగూ కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్తున్నారు కదా, పేస్‌మేకర్ కార్డు చూపించి ఇది కూడా అడగండి.

కొనే ముందు ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ తీసి మీ గిన్నెల అడుగున పెట్టి చూడండి. అతుక్కుంటే ఇండక్షన్‌కి పనికొస్తుంది. ఇనప పెనం అతుక్కుంటుంది. ఇత్తడి గిన్నెలు, అల్యూమినియం కుక్కరు, మట్టి దాకలు అతుక్కోవు. 2000 వాట్ల స్టవ్‌ని గీజర్ పెట్టే పవర్ ప్లగ్‌లోనే పెట్టాలి, మిక్సీ పెట్టే మామూలు ప్లగ్‌లో కాదు. తెలంగాణ గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వస్తుంటే అదీ చూసుకోండి, నెలకు 200 యూనిట్లు దాటితే బిల్లు కట్టాల్సిందే. గ్యాస్ కనెక్షన్ మాత్రం వదులుకోకండి. పుల్కాలకీ, పచ్చడికి వంకాయ కాల్చుకోవడానికీ, కరెంటు పోయిన పూటకీ ఉండనివ్వండి. పాలు, టీ, అన్నం, పప్పు ఇండక్షన్ మీదకు మారినా వంటింట్లో మంట వెలిగే సమయం బాగా తగ్గుతుంది.

స్టవ్ మార్చాం కదా అని బాబు ఇన్‌హేలర్ మీ అంతట మీరు ఆపొద్దు. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) తీసుకుంటున్నాడా, నేరుగా నోట్లో కొట్టుకుంటున్నాడా అన్నది మీరు రాయలేదు. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన ముందే ఒకసారి తీసుకోమనండి. ఏడేళ్ల పిల్లలు సరిగ్గా తీసుకోకపోతే మందు చాలావరకు గొంతులోనే ఉండిపోవడం మామూలు.

కొత్త గీజర్ వచ్చేదాకా అత్తగారికి వంటింట్లో నీళ్లు కాచి బకెట్లో పోసివ్వండి. తలుపు గడియ పెట్టుకోవద్దని చెప్పండి.