అంబేద్కరా, అంబేడ్కరా: ఏది రాయాలి?

రెండూ వాడుకలో ఉన్నాయి, ఏది రాసినా తప్పు పట్టరు. మూలానికి దగ్గర మాత్రం 'అంబేడ్కర్'. రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్షుడైన భీమ్‌రావ్ రామ్‌జీ ఇంటిపేరును మరాఠీలో 'ఆంబేడకర్' అనే రాస్తారు. రత్నగిరి జిల్లాలోని వాళ్ల సొంతూరు ఆంబడవే నుంచి వచ్చిన పేరది.

మరి 'ద' ఎలా వచ్చింది? ఇంగ్లిష్‌లో 'ద'కీ 'డ'కీ ఒకటే అక్షరం కదా, అక్కడి నుంచి తెచ్చుకుని రాయడం వల్లనే అనుకుంటాను. కాలనీ బోర్డుల మీద, విగ్రహాల కింద ఎక్కువగా కనిపించేది 'అంబేద్కర్' అనే. కోనసీమ జిల్లా పేరులోనూ చాలామంది అలాగే రాస్తారు.

పొడి అక్షరాలు 'బి.ఆర్.' పేరుకు ముందే రావాలి. అభిమానంగా అయితే 'బాబాసాహెబ్' చాలు.