బరువు తగ్గాక మోడలింగ్, ఫిట్‌నెస్ రంగంలోకి: రాజీనామాకు ముందు వేసుకోవాల్సిన లెక్కలు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. రెండున్నరేళ్లలో 46 కిలోలు తగ్గాను. ఆహార నియమాలు, వ్యాయామంతో పాటు డాక్టర్ రాసిన సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ వాడాను, ఇప్పటికీ వాడుతున్నాను. నాలుగు నెలలుగా బరువు నిలకడగా ఉంది. ఆఫీసు ఉద్యోగం మానేసి ఫిట్‌నెస్ ట్రైనర్‌గా, మోడల్‌గా స్థిరపడాలని ఉంది. నా పొదుపు 11 నెలల ఖర్చుకు సరిపోతుంది. జీతంలో ఖర్చులు పోగా, నెల ఖర్చులో 35 శాతమంత మిగులుతుంది. ఒక అప్పు వాయిదాలు ఇంకా 14 నెలలు ఉన్నాయి. వాయిదా నెల ఖర్చులో 18 శాతం. ఒక మోడలింగ్ ఏజెన్సీ పోర్ట్‌ఫోలియోకు, గ్రూమింగ్ కోర్సుకు కలిపి రెండున్నర నెలల ఖర్చంత అడుగుతోంది, వారంలోగా కట్టమంటోంది. పొట్ట దగ్గర వేలాడే చర్మం తీయించుకోవడానికి ఐదు నెలల ఖర్చు కంటే కాస్త ఎక్కువే అవుతుందన్నారు. ట్రైనర్ సర్టిఫికెట్‌కు నెల ఖర్చులో 80 శాతం కావాలి. వీటిని ఏ వరుసలో చేయాలి? ఇప్పుడే రాజీనామా చేయవచ్చా?

జవాబు: రాజీనామా ఇప్పుడు వద్దు. ఏజెన్సీకి డబ్బు ఎప్పుడూ కట్టొద్దు. ట్రైనర్ సర్టిఫికెట్ ఈ నెలలోనే మొదలుపెట్టండి. చర్మం ఆపరేషన్ సంగతి ఏడాది దాటాక చూద్దాం. 46 కిలోలు తగ్గి, దాన్ని నిలబెట్టుకుంటున్న మీకు క్రమశిక్షణ గురించి నేను చెప్పేదేమీ లేదు. డబ్బు దగ్గర మాత్రం ఒక్క నియమం పెట్టుకోండి: ఇంటి ఖర్చును ట్రైనింగ్ ఆదాయమే మోయాలి, మోడలింగ్‌లో వచ్చింది వచ్చినట్టు పొదుపులోకి వెళ్లాలి. ట్రైనింగ్ మీకు తెలిసిన విద్య మీద నడుస్తుంది. మోడలింగ్ ఆ నెలలో మీ ఒంటి కొలతల మీద, ఎదుటివాళ్ల అవసరం మీద ఆధారపడుతుంది. రెండోదాన్ని నమ్ముకుని ఇంటి అద్దె కట్టాలనుకోవడం ప్రమాదం.

లెక్క సులువుగా ఉండేందుకు మీ నెల ఖర్చును 100 అనుకుందాం. అప్పుడు పొదుపు 1,100. ఏజెన్సీకి 250, ఆపరేషన్‌కు 520, సర్టిఫికెట్‌కు 80, మొత్తం 850 పోతే మిగిలేది 250. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాల దాకా బరువులు ఎత్తనివ్వరు, ట్రైనర్ పనికి పూర్తిగా తిరిగి రావడానికి రెండు నెలలు వేసుకోండి. ఉద్యోగం లేని ఆ రెండు నెలలకు ఇంకో 200 పోతుంది. చేతిలో ఉండేది 50, అంటే పదిహేను రోజుల ఖర్చు. మోడలింగ్ పని వెంటనే దొరికినా, డబ్బు చేతికి రావడానికి షూట్ తర్వాత 30 నుంచి 90 రోజులు పట్టడం మామూలే. పదిహేను రోజుల డబ్బుతో కూర్చున్న మనిషి ముందు ఎలాంటి కాంట్రాక్టు పెట్టినా సంతకం చేస్తారు. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది.

అదే 1,100ను ఇలా పంచండి. 600 అత్యవసర నిధి, దీన్ని ముట్టుకోవద్దు. 300 వేరే ఖాతాలో, ఉద్యోగం మానాక మీకు మీరే నెలనెలా జీతం వేసుకోవడానికి. ఆదాయం ఎక్కువ వచ్చిన నెల అందులో జమ చేస్తారు, తక్కువ వచ్చిన నెల అందులోంచి తీస్తారు. ఎప్పుడైనా మీ చేతికి వచ్చేది మాత్రం అదే 100. ఇక 80 సర్టిఫికెట్‌కు. మిగిలిన 120 వృత్తి బాధ్యత బీమాకు (మీ శిక్షణ వల్ల క్లయింటుకు హాని జరిగితే పరిహారం ఇచ్చేది), ప్రథమ చికిత్స శిక్షణకు, ఫొటోలకు, కొద్దిపాటి పరికరాలకు. ఆపరేషన్‌కు ఇందులో వాటా లేదు. నెలకు మిగిలే 35 చొప్పున 15 నెలల్లో 525 కూడుతుంది. అప్పటికి అప్పు కూడా తీరిపోతుంది.

బరువును నిలబెట్టుకోవడానికి అయ్యే ఖర్చు మీ లెక్కలో ఉందో లేదో చూసుకోండి. సెమాగ్లుటైడ్ మీద జరిగిన స్టెప్ 1 అనే క్లినికల్ పరీక్షకు కొనసాగింపు ఫలితాలు 2022లో వచ్చాయి. 68 వారాల తర్వాత మందునూ, దానితో పాటు ఇచ్చిన ఆహార, వ్యాయామ సలహాలనూ ఆపేసినవాళ్లకు ఏడాదిలో, తగ్గిన బరువులో సుమారు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. కాబట్టి ఇంజెక్షన్‌ను ఏదో ఒకరోజు ఆగిపోయే ఖర్చుగా రాసుకోవద్దు. మందు, రక్త పరీక్షలు, డాక్టర్ ఫీజు అన్నీ ఆ 100లోనే ఉండాలి. వాటిలో కొన్నింటికి ఇప్పుడు కంపెనీ ఆరోగ్య బీమా డబ్బిస్తుంటే, ఉద్యోగం మానిన రోజు నుంచి మీ నెల ఖర్చు 100 కాదు, 110 కావచ్చు, 120 కావచ్చు. ఆ అంకె తేలాకే కింది లెక్కలు మొదలుపెట్టండి. డబ్బు చాలడం లేదని మందును మీ అంతట మీరు తగ్గించుకునే పరిస్థితి మాత్రం రానివ్వకండి.

ఇప్పుడు ట్రైనర్ ఫీజు. ఈ వృత్తిలో కొత్తగా దిగినవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. వారానికి 40 గంటలు, నెలకు 160 గంటలు, నాకు 100 కావాలి, కాబట్టి గంటకు 0.63 చాలు అని మొదలుపెడతారు. ఈ లెక్క నిలబడదు. ప్రయాణం, ప్లాన్లు రాయడం, మెసేజ్‌లకు జవాబులు, ఆఖరి నిమిషంలో రద్దయ్యే సెషన్లు పోగా, వారానికి డబ్బు వచ్చే సెషన్లు 22 దాకా నిలుస్తాయి. పండగలు, జబ్బులు, క్లయింట్ల ఊరి ప్రయాణాలు తీసేస్తే ఏడాదికి 44 వారాలు. అంటే 968 సెషన్లు. మీకు కావాల్సింది ఇంటికి 1,200. పన్నుకు 20 శాతం పక్కన పెట్టాలంటే అది 1,500 అవుతుంది. మీకు వర్తించే రేటు వేరైతే ఆ అంకె మార్చుకోండి. బీమా, కోర్సులు, పరికరాలకు ఏడాదికి 150. మొత్తం 1,650. దాన్ని 968తో భాగిస్తే సెషన్‌కు 1.7. ముందు అనుకున్నదానికి ఇది దాదాపు మూడు రెట్లు. జిమ్ 40 శాతం వాటా తీసుకుంటే క్లయింటు దగ్గర 2.84 వసూలు కావాలి. మీ ప్రాంతంలో అంత ఇచ్చేవాళ్లు లేరనిపిస్తే ఫీజు తగ్గించడం కంటే, ముగ్గురు నలుగురిని కలిపి చిన్న గ్రూపు నడపడం మంచిది. అప్పుడు ఒక్కొక్కరికి తక్కువే పడుతుంది, మీ గంటకు రావాల్సింది మాత్రం తగ్గదు.

ప్యాకేజీలు అమ్మేటప్పుడు ఇంకో జాగ్రత్త. 24 సెషన్లకు ముందే డబ్బు తీసుకుంటే, ఆ రోజుకు అది మీ ఆదాయం కాదు, క్లయింటుకు మీరు పడిన బాకీ. దాన్ని విడి ఖాతాలో ఉంచి, సెషన్ పూర్తయినప్పుడల్లా 24వ వంతు మాత్రమే తీసుకోండి. మీకు భుజం పట్టేసి నెల్లాళ్లు మంచమెక్కితే వాపసు ఇవ్వాల్సింది ఆ డబ్బే. వాడేసుకుంటే అప్పు చేసి తిరిగి ఇవ్వాలి. 24 గంటల ముందు చెప్పకుండా మానేస్తే సెషన్ లెక్కలో పోతుందన్న షరతును మొదటి రోజే కాగితం మీద రాసుకోండి.

సర్టిఫికెట్ లేకుండా మాత్రం ఒక్క క్లయింటునీ తీసుకోవద్దు. మీరు బరువు తగ్గిన తీరు మీ ఒంటికి సరిపడింది. మోకాళ్ల నొప్పో గుండె జబ్బో ఉన్న మరొకరికి అదే పద్ధతి హాని చేయవచ్చు. ఏస్, ఎన్‌ఏఎస్‌ఎం లాంటి అమెరికా సంస్థలు ట్రైనర్లకు ఇచ్చే, గుర్తింపు ఉన్న సర్టిఫికెట్లను రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అందుకు సుమారు 20 గంటల అదనపు చదువు, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) శిక్షణ కావాలి. ఆ ఖర్చు పైన చెప్పిన 150లోనే ఉంది. మీ కథ విని వచ్చేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న, ఆ ఇంజెక్షన్ మేమూ వాడొచ్చా అని. దానికి మీ జవాబు ఎప్పుడూ ఒక్కటే, డాక్టర్‌ను అడగండి. మందులు, జబ్బులకు పథ్యాలు చెప్పడం ట్రైనర్ పరిధిలోకి రాదు. చెప్పి ఎవరికైనా తేడా చేస్తే, మీ బాధ్యత బీమా పరిహారం ఇవ్వకపోవచ్చు.

ఏజెన్సీ విషయానికొస్తాను. సరైన ఏజెన్సీ మీకు పని ఇప్పించి, వచ్చిన డబ్బులో కమీషన్ తీసుకుంటుంది. 10 నుంచి 20 శాతం మామూలుగా ఉండే వాటా. పని రాకముందే డబ్బు అడిగితే వాళ్ల వ్యాపారం మోడళ్లకు ఫొటోలు, కోర్సులు అమ్మడమన్నమాట. వారం గడువు పెట్టడం మీరు ఇంకెవరినీ అడక్కుండా ఉండేందుకే. మొదటిసారి పరిశీలనకు కావాల్సినవి డిజిటల్స్ మాత్రమే. పగటి వెలుతురులో, ఖాళీ గోడ ముందు, ఒంటికి అతుక్కునే సాదా బట్టల్లో, మేకప్ లేకుండా ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, ముఖం దగ్గరగా తీసిన ఫొటోలు. వాటితో పాటు ఎత్తు, ఛాతీ, నడుము, తుంటి, చెప్పుల సైజు. ఫోన్‌తో స్నేహితులెవరైనా తీయగలరు. వేలాడే చర్మాన్ని, చారలను ఎడిటింగ్‌లో చెరిపేయవద్దు. సెట్‌కు వెళ్లాక ఫొటోకీ మనిషికీ పొంతన లేకపోతే ఆ రోజు పని పోతుంది, ఆ క్లయింటు మళ్లీ పిలవరు. బట్టలు నిండుగా ఉండే వాణిజ్య ప్రకటనలకు ఆ చర్మం అసలు అడ్డే కాదు. బట్టల కంపెనీలు కొత్త డిజైన్ల సైజు సరిచూసుకోవడానికి పిలిచే ఫిట్ మోడల్ పని కూడా విచారించండి. గంటల లెక్కన ఇచ్చే పని అది, ముఖంతో సంబంధం ఉండదు. కానీ కొలతలు అంగుళం అటూఇటూ అయినా ఆ పని నిలవదు, అందుకే బరువు ఏడాది పాటు కదలకుండా ఉన్నాకే దాని జోలికి వెళ్లండి.

మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే విలువైనవి మీ పాత ఫొటోలు. బరువు తగ్గకముందు, తగ్గాక తీసిన ఆ జంట ఫొటోల కోసం పౌడర్లు, టీలు అమ్మేవాళ్లు, పలుచోట్ల జిమ్‌లు నడిపే కంపెనీలవాళ్లు వస్తారు. అలాంటి ఒప్పందంలో అన్ని మాధ్యమాల్లో, అన్ని దేశాల్లో, శాశ్వతంగా అన్న మాటలుంటే సంతకం చేయకండి. ఒకరికి శాశ్వతంగా ఇచ్చేస్తే, ఆ రంగంలో మరొకరు మిమ్మల్ని తీసుకోరు. ఒక మాధ్యమం, ఒక ప్రాంతం, ఆరు నెలలు, పొడిగిస్తే మళ్లీ అంతకు తగ్గని ఫీజు, ఇది అడగండి. పోటీ కంపెనీలకు పనిచేయకూడదన్న షరతు ఆ ఒక్క రకం సరుకుకే పరిమితం కావాలి. ఫిట్‌నెస్ రంగం మొత్తానికి అని రాస్తే మీ ట్రైనర్ పనికే ఎసరు. బరువు పెరిగితే ఇచ్చిన ఫీజు వాపసు ఇవ్వాలన్న షరతును కొట్టేయించండి. ఇక మీరు వాడని పౌడర్ వల్ల తగ్గానని చెప్పమంటే, ఎంత ఇచ్చినా వద్దు. మీ పాత ఫొటోలు, మందుల చరిత్ర ఎప్పుడో ఒకప్పుడు బయటపడతాయి. అప్పుడు ట్రైనర్‌గా మీ మాటను నమ్మేవాళ్లు ఉండరు, న్యాయపరమైన చిక్కులు అదనం.

ఆపరేషన్ సొమ్ముకు ఒక ప్రశ్న వేసుకోండి. మోడలింగ్ అవకాశాల కోసమా, మీ సుఖం కోసమా? అవకాశాల కోసమైతే ఆ 520 తిరిగి వస్తుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. పైగా పొట్ట కింద ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా మచ్చ మిగులుతుంది. మడతల్లో ఒరుసుకుని పుండ్లు పడుతుంటే, వ్యాయామానికి అడ్డు వస్తుంటే అది ఆరోగ్యం లెక్క, పెట్టదగ్గ ఖర్చే. ఏదైనా బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉండాలని సర్జన్లు అంటారు, మీకు నాలుగే అయ్యాయి. తర్వాత మళ్లీ పెరిగినా తగ్గినా ఫలితం చెడుతుంది. బీమా కంపెనీలు దీన్ని సాధారణంగా అందం కోసం చేసేదిగా లెక్కేసి తోసిపుచ్చుతాయి. మడతల్లో పుండ్లు పడుతుంటే ఈ నెల నుంచే చర్మ వైద్యుడికి చూపించి, ప్రతిసారీ చీటీ, ఫొటో, వాడిన మందు, ఎన్నాళ్లకు తగ్గిందీ ఫైలు చేయండి. క్లెయిమ్‌కు అవకాశమంటూ ఉంటే ఆ ఫైలుతోనే. అందులోనూ వేలాడే చర్మాన్ని తీసేంతవరకే రావచ్చు, పొట్ట కండరాలు బిగించడానికి అయ్యేది మీ జేబులోంచే.

రాజీనామాకు ముందు సొంత ఆరోగ్య బీమా మీ చేతిలో ఉండాలి. పాత బరువు, మందు, బీపీ షుగర్ ఏవైనా ఉంటే అవీ అన్నీ రాయండి. దాస్తే క్లెయిమ్ రోజున పాలసీ చెల్లదంటారు. ముందు నుంచి ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం ఉంటుంది కాబట్టి ఉద్యోగంలో ఉండగానే తీసుకుంటే ఆ కాలం కంపెనీ బీమా నీడలో గడుస్తుంది. గాయపడి పనిచేయలేకపోతే నెలనెలా డబ్బిచ్చే పాలసీ దొరికితే అదీ ఇప్పుడే తీసుకోండి, జీతం చీటీ చూపించగలిగేది ఇప్పుడే. జీవిత బీమాలో, ఏడాదిలోపు తగ్గిన బరువులో సగాన్ని మళ్లీ కలిపి ప్రీమియం లెక్కేసే కంపెనీలున్నాయి. మీ మీద ఆధారపడినవాళ్లుంటే ఎక్కువైనా ఇప్పుడే తీసుకుని, ఏడాది తర్వాత ప్రీమియం తగ్గించమని అడగండి.

ఉద్యోగం మానే రోజును తేదీతో కాకుండా ఆదాయంతో నిర్ణయించుకోండి. సర్టిఫికెట్ చేతికొచ్చాక ఉదయం, సాయంత్రం కలిపి వారానికి 12 సెషన్లు చేయండి. రెండో పని చేయడానికి మీ ఆఫీసు నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందే చూసుకోండి. సెషన్‌కు 1.7 చొప్పున, ఖర్చులు, పన్ను పోగా నెలకు 50 మిగలాలి. వరుసగా ఆరు నెలలు అది 50కి తగ్గకపోతే రాజీనామా ఇవ్వండి, అప్పుడు మీ సమయం రెట్టింపవుతుంది కాబట్టి 22 సెషన్లకు చేరడం సాధ్యమే. మధ్యలో ఒక్క నెల 35కు పడిపోయినా లెక్క మళ్లీ ఒకటో నెల నుంచే. ఈ ఆరు నెలల్లో మోడలింగ్ డబ్బు ఎంత వచ్చినా ఇందులో కలపొద్దు. అప్పు తీరాక మిగిలే 18ని ఫీజు తగ్గించడానికి వాడకండి, అది దీర్ఘకాలిక పొదుపులోకి వెళ్లాలి. మానేశాక ఉద్యోగ పింఛనుకు కంపెనీ వేసే వాటా ఆగిపోతుంది, ఆ లోటు పూడ్చాల్సింది మీరే.

ఏజెన్సీకి ఈ వారమే ఒక మెసేజ్ పెట్టండి: ముందుగా ఏమీ కట్టను, పని ఇప్పిస్తే కమీషన్ ఇస్తాను, ఒప్పందం నకలు పంపండి అని. ఒప్పుకుంటే ఆ నకలును సంతకానికి ముందు న్యాయవాదికి చూపించండి.